చాటెడు తవుడు

మా వదిన నీలమ్మ కన్న కొడుకును చాటెడు తవుడుకు అమ్మేసింది. కొన్నది మా ఇంటి యజమానురాలు ఖైసర్ బేగం. ఇందులో మోసం ఉందంటే అది యముడి మీద చేసిన మోసమే తప్ప మనుషుల మీద కాదు.

వదినకు తొలిచూలు బిడ్డ పురిట్లోనే పోయాడు. రెండోవాడికి నెల తిరగకముందే ఏడ్చినప్పుడల్లా పెదవులు, గోళ్ళు నేరేడుపండు రంగుకు తిరగడం మొదలైంది. మా వాళ్ళలో నిలవని బిడ్డను పొరుగువాళ్ళకు తవుడుకు అమ్మడం ఆనవాయితీ. ఆ తర్వాత వాడు కొన్నవాళ్ళ బిడ్డ. కన్నతల్లి పాలివ్వవచ్చు, నీళ్ళు పోయవచ్చు. "నా కొడుకు" అని మాత్రం అనకూడదు. వాడు అమ్మా అని పిలిస్తే పలకకూడదు. పలికిందా, బేరం చెడినట్టే. యముడు పాత ఇంటికి వచ్చి, సరుకు చేయి మారిందని విని, ఉత్త చేతులతో తిరిగి పోతాడట. బేగంబజార్‌లో మూటలు మోసే మా అన్న దుర్గయ్యకు ఈ లెక్క బాగా నచ్చింది. మొగుడు పోయి పుట్టింటికి చేరినా నోరు మాత్రం తగ్గని నాకు నచ్చలేదు.

"యమునికి గంత తెలివి లేకపోతె ఇన్ని పానాలు ఎట్ల తీస్కపోతున్నడన్నా?" అన్నాను. అన్న నా వైపు చూసిన చూపుకు లేచి పొయ్యి దగ్గరికి పోయాను.

బహదూర్‌పురాలో బేగం ఇంటి ముందరి గదిలో మేం అద్దెకుండేవాళ్ళం. మధ్యలో వాకిలి. అవతల పరదా వెనక ఆమె, ఆమె మేకలు. భర్త పోయాడు, పిల్లలు కలగలేదు. మేమంతా ఆమెను బీబీ అనేవాళ్ళం. అన్న పరదాకు ఇవతల నిలబడి సంగతి చెప్పాడు.

"తోబా తోబా. బిడ్డలనిచ్చేటోడు అల్లా. కొనేటందుకు నేనెవర్ని దుర్గయ్యా?" అంది బీబీ.

"ఉత్తగనే బీబీ. మా తృప్తి కోసం."

"ఉత్తగ కొనను. కొంటె నా బిడ్డనే" అంది బీబీ.

జర్మనీ యుద్ధం నడుస్తున్న కాలం. బియ్యం కంట్రోలులో ఇస్తే తెచ్చుకోవాలి, తవుడు సంగతి చెప్పనే అక్కర్లేదు. బీబీ మేకల ముందున్నది ఎత్తి చాటలో పోసి పరదా కింద నుంచి జరిపింది. వదిన పిల్లవాణ్ణి లోపలికి అందించి చాట అందుకుంది. బిచ్చగాడి మీద ఎవరి కన్నూ పడదని బీబీ వాడికి ఫకీరు అని పేరు పెట్టింది. రోజూ దువా చదివి వాడి నెత్తిన ఊదేది. అన్న పోచమ్మకు మొక్కుకున్నాడు. ఒక్క పసివాడి కోసం ఇంతమంది దేవుళ్ళ కాళ్ళు పట్టుకున్నాం, ఒక్కరికీ వాడి గోళ్ళకు ఎరుపు తేవడం చేతకాలేదు. నాకు ఆ రోజుల్లో దేవుళ్ళందరి మీదా కోపంగా ఉండేది.

వాడికి ఆయాసం ఎక్కువైతే వదినా నేనూ దవాఖానకు తీసుకుపోయాం. చీటీ రాసేవాడు తల్లి పేరు అడిగాడు.

"ఖైసర్ బేగం" అంది వదిన.

"నువ్వెవరు?"

"పాలిచ్చేదాన్ని."

నేను ఆమె మోచేయి గిల్లాను. "ఈడ గూడనా వదినా?" అన్నాను గుసగుసగా.

"యముడు ఎక్కువ తిరిగేది దవాఖానలనే గద రాజమణీ" అంది.

డాక్టరు మంచివాడే. గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. పిల్లవాడి వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని చూశాడు. తర్వాత వదినతో, పనిమనిషితో మాట్లాడినట్టే ఉన్నమాట చెప్పేశాడు.

"వీని గుండెల పుట్టుకతోనే రంధ్రమున్నది. దీనికి దవా లేదు, విలాయత్‌ల గూడ లేదు. ఏడ్వనియ్యకు. ఏడ్సినప్పుడు నీలం తిరుగుతడు గద, ఏదో ఒకనాడు గట్లనే పోతడు. పాలిచ్చేదానివి, నీకు తెలిసి ఉండాలె. తల్లికి మాత్రం చెప్పకు. తట్టుకోదు."

"మంచిది సాబ్, చెప్పను" అంది వదిన.

పిల్లవాడి గుడ్డ సర్ది భుజాన వేసుకుంది. నాకే దుఃఖం ఆగక కొంగు నోట్లో కుక్కుకున్నాను. డాక్టరు నన్ను చూసి, ఏమనుకున్నాడో, తల దించుకున్నాడు.

జట్కా ఎక్కాక ఆమె మీద విరుచుకుపడ్డాను. "ఇప్పుడన్న ఏడువు వదినా, ఈడ ఎవరు చూస్తుండ్రు?"

"ఎవల కొడుకని ఏడువాలె?" అంది.

బీబీ తస్బీ పూసలు తిప్పుకుంటూ పరదా దగ్గరే కూర్చుని ఉంది. డాక్టరు ఏమన్నాడని అడిగింది. వదిన పిల్లవాణ్ణి ఆమె ఒడిలో పడుకోబెట్టింది.

"ఫికర్ ఏం లేదన్నడు బీబీ. తల్లిని రంది పెట్టుకోవద్దన్నడు."

"షుక్ర్ అల్లా" అంది బీబీ, వదిన ముఖంలోకి చూస్తూ.

మరుసటి ఏడు వానాకాలం వచ్చింది. వాడింకా ఉన్నాడు. నడక రాలేదు. కూర్చున్నచోటే మేకలను చూసి "మే" అనేవాడు. వాణ్ణి ఏడవనివ్వకుండా ఉంచడమే ఇంటిల్లిపాదికీ పని. అడిగింది ఇచ్చేవాళ్ళం, అడగనిదీ ఇచ్చేవాళ్ళం. ఒక మధ్యాహ్నం అన్న అన్నానికి వచ్చాడు. వదిన వాకిట్లో బియ్యం చెరుగుతోంది. చాప మీద ఉన్నవాడు ఆమె వైపు తిరిగి "అమ్మ" అన్నాడు.

వదిన చేతులు ఆగిపోయాయి. తల ఎత్తలేదు.

వాడు మళ్ళీ పిలిచాడు. నేను ఎత్తుకోబోతే తోసేశాడు. బీబీ పరదా దాటి వచ్చింది. అన్న ఎదుట ఆమె ముసుగు లేకుండా నిలబడడం అదే మొదటిసారి, ఆ సంగతి ఆమెకూ గుర్తులేదు, మాకూ లేదు. "మైఁ హూఁ బేటా, నేను అమ్మను" అంటూ చేతులు చాచింది. వాడు ఆమెను కాదని వదిన వైపే చేతులు చాచి ఏడుపు లంకించుకున్నాడు. పెదవులు నల్లబడ్డాయి. గోళ్ళు నల్లబడ్డాయి. శ్వాస అందక ఏడుపు మధ్యమధ్య తెగిపోతోంది. అన్న రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. ఎవరికి మొక్కుతున్నాడో ఆయనకే తెలియదు.

"పలుకు నీలమ్మా" అంది బీబీ.

"పలికితె పోతడు బీబీ."

"పలుకకున్నా పోతుండు. కండ్లు తెరిచి చూడు."

వదిన చాట విసిరేసింది. వాణ్ణి లాక్కుని, వాడి మోకాళ్ళు వాడి రొమ్ముకే ఆనేలా మడిచి గుండెలకు అదుముకుంది. "ఓ కొడుకా. నేనే నీ అమ్మను. ఈడనే ఉన్న కొడుకా, యాడికి పోలే" అంటూ ఊగింది. అంతకాలం దాచుకున్న మాటలన్నీ అమ్మ, కొడుకు అన్న రెండింటి చుట్టే తిరిగాయి. వాడి ఏడుపు సన్నగిల్లింది. చాలాసేపటికి నలుపు విరిగి, పెదవులు మామూలు నీలానికి వచ్చాయి.

అప్పుడు వదినకు భయం పట్టుకుంది. "బేరం చెడగొట్టిన. నా నోటితోని నేనే చెడగొట్టిన" అంటూ అరచేత్తో నోరు కొట్టుకుంది. నేను చేయి పట్టుకున్నా ఆగలేదు.

బీబీ లోపలికి పోయింది. తవుడు చాటతో తిరిగి వచ్చి వదిన ముందు కూర్చుంది.

"మల్ల అమ్ము" అంది.

వదిన నోరు కొట్టుకోవడం ఆపింది.

"వాడు పిలిచినప్పుడల్లా పలుకు. పలికినంక నాకు అమ్ము. మల్లొకసారి పిలుస్తడు, మల్ల పలుకు, మల్ల అమ్ము. నేను కొంటనే ఉంట."

"బీబీ, డాక్టరేమన్నడంటే..."

"నాకు ఎరుకే. దవాఖాన నుంచి వచ్చిననాడే నీ మొఖం చెప్పింది. తల్లి తట్టుకోదని ఊకున్నవ్, నేను గూడ ఊకున్న."

చాటలో తవుడు అడుగున పరుచుకునేంత మాత్రమే ఉంది. వదిన కొంగు పట్టింది. బీబీ అందులో పోసి, నిద్రపోతున్న ఫకీరును రెండు చేతులతో అందుకుని, కాసేపుంచుకుని, పాలకోసమని తిరిగి వదిన ఒడిలోనే పెట్టింది. వదిన వాణ్ణి చంకనేసుకుని లేచి, కొంగులోని తవుడు తిరిగి బీబీ తవుడు కుండలోనే వంపింది. రేపటికి కావాలి కదా. ఇంత తెలిసీ యముడు మోసపోతాడా అని నా నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేకపోయాను.

పొద్దు వాలుతుండగా వాడు లేచి అమ్మా అన్నాడు. వదిన పలికింది. బీబీ మోకాళ్ళ మీద చేతులు ఆనించి, తవుడు కోసం లేచింది.