విమానం చూడని జిగ్గు

నేను ఒక జిగ్గును. పేరు విని నవ్వకండి. విమానం తలుపుకు రివెట్లు కొట్టేటప్పుడు అది వెంట్రుకవాసి కూడా కదలకుండా పట్టి ఉంచే ఇనుప చట్రాన్ని. హైదరాబాదు శివార్లలోని ఒక ఫ్యాక్టరీలో నిలబడి ఎన్ని తలుపులు కన్నానో నాకే తెలియదు. కానీ వాటిని విమానానికి బిగించేది ఎక్కడో దూరదేశంలో, అందుకే ఒక్క విమానాన్నీ కళ్లారా చూడలేదు. ఊరందరికీ సంబంధాలు కుదిర్చి తాను బ్రహ్మచారిగా మిగిలిన పెళ్లిళ్ల పేరయ్య బతుకు నాది.

నా దగ్గర రివెట్లు కొట్టేది అండాలు అనే ఆవిడ. చేతిలో రివెట్ల గన్ను, నోట్లో కబుర్లు, రెండూ ఆగేవి కావు. తలుపు పూర్తయ్యాక నా చట్రంలోనే ఓసారి మూసి, ధబ్‌మన్న చప్పుడు వినేది. అది నచ్చితేనే సాగనంపేది. ప్రతి దసరాకూ ఆయుధపూజ నాడు నా కుడికాలికి బొట్టు పెట్టేది. ఓసారి తనిఖీకి వచ్చిన విదేశీ దొర దాన్ని చూసి "తుప్పు" అని గావుకేక పెట్టి తుడవబోయాడు.

"తుప్పు గాదు సారూ, బొట్టు! ఉండనీ" అని అండాలు అడ్డం పడింది. ఆ మహానుభావుడికి ఏమర్థమైందో ఏమో, వేలికంటిన ఎరుపును తన నుదుట రాసుకుని వెళ్లాడు.

ఇంతలో పిడుగులాంటి కబురు. కొత్త రకం విమానం తక్కువ చమురు తాగుతుందట, మా రకాన్ని ఇక కట్టరట. అండాలును కొత్త లైనుకు మార్చారు. నన్ను మాత్రం కోసి తుక్కులో వేయమన్నారు. ఏరు దాటి తెప్ప తగలేయడం మనుషులకు కొత్తా? చావుకు భయపడలేదు గానీ, విమానం చూడకుండానే పోతానే అని ఏడుపొచ్చింది.

చివరి తలుపు వెళ్లిన రోజు అండాలు నా కాలు నిమిరింది. "గిట్లనే పంపుతనా నిన్ను? మన ఇమానం చూపిస్త" అని ఒట్టేసింది. మేనేజరును బతిమాలి, కోసిన ముక్కల్లోంచి బొట్టున్న ముక్కను దక్కించుకుంది. ఇక నేనంటే ఆ ముక్కే.

మా రకం విమానమే తిరుపతికి తిరుగుతోందని తెలిసి, భర్త జంగయ్య చేత టికెట్లు తీయించింది. నన్ను చేతిసంచిలో పెట్టుకుంది. ఎయిర్‌పోర్టులో సంచి తెరిచిన సెక్యూరిటీ ఆయన నా బొట్టు చూసి ఠక్కున చేతులు జోడించాడు.

"ఏ దేవుడమ్మా? తిరుపతికి పోతూ ఇంకో దేవుడెందుకు?"

"దేవుడు గాదు సార్. ఈ ఇమానం తలుపులు దీంట్లనే పుట్టినయ్. జర చూపిద్దామని."

"ఎవరైతేంది, ఇనుము పైకి పోనియ్యం. కింద సామాన్లల్ల ఎయ్యి."

అండాలు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకైతే ఒళ్లు మండింది. ఇన్నేళ్లు ఎదురుచూస్తే చివరికి విమానం కడుపులో, చిమ్మచీకట్లో, ఎవరిదో ఆవకాయ జాడీ పక్కనా! తిట్టుకుంటూ పడి ఉన్నాను.

అప్పుడు పైన తలుపు మూశారు. ధబ్. ఇనుప ముక్కనై ఉండీ నేను వణికాను.

తిరుపతిలో దిగాక అండాలు సంచి తెరిచి నా బొట్టు సవరించింది. "ఎక్కుతుంటే తలుపు మీద చెయ్యేసిన. ఎనకోళ్లు నడువు నడువు అన్నరు. నీకే చూపియ్యకపోతి" అని కళ్లొత్తుకుంది.

పిచ్చితల్లీ! చూడలేదు గానీ విన్నాను. మన తలుపు గట్టిగా పడింది.