బొట్టు పెట్టి పిలిస్తేనే

లిఖిత పొద్దున కంప్యూటర్ ఆన్ చేసే వేళకు ఆమె అత్త స్వరాజ్యం కుంకుమ భరిణ పట్టుకుని మెట్లెక్కుతుండేది. ఇబ్రహీంపట్నంలో వాళ్ళ ఇంటి పైవాటాలో, కోస్తా నుంచి వచ్చిన వెంకాయమ్మ వాళ్ళు అద్దెకుంటారు. వైఫై డబ్బా వాళ్ళ గోడకే ఉంది. రెండిళ్ళకూ అదే. స్వరాజ్యం ఆ డబ్బాకు బొట్టు పెట్టి, "మా కోడలు కంప్యూటర్ ఏసింది. జర ఇంటికి వచ్చిపో," అని పిలిచేది. సిగ్నల్ ఆమె వెనకాలే మెట్లు దిగేది. దిగుతుంటే పిట్టగోడ మీద ఆరేసిన చీరలు ఒకటొకటిగా కదిలేవి. కంప్యూటర్ పక్కన పెట్టిన చెంబులో నీళ్ళు కాసిని తగ్గేవి. తెర మీద గీతలు నిండేవి. లిఖిత పనిలో పడేది.

పిలవని ఇంటికి ఎవరు మాత్రం వస్తారు?

ఎండాకాలంలో స్వరాజ్యం భర్త రాంచంద్ర పోయాడు. దినాలయ్యాక ఆమె భరిణ తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. "ఇగ నువ్వే పిలుసుకో బిడ్డా," అని వంటింట్లోకి పోయింది. ఇంటికి ఎవరన్నా పేరంటం పిలుపుకు వచ్చినా తలుపు చాటునే ఉండేది.

లిఖిత పిలిచింది. సిగ్నల్ సగం మెట్లు దిగి ఆగిపోయింది. తెర మీద సున్నా గిర్రున తిరుగుతూ ఉండిపోయింది. వెంకాయమ్మ కూడా పిలిచి చూసింది.

"గుమ్మం దాకా వస్తుందమ్మా. వంటింటి వైపు ఓసారి చూసి వెళ్ళిపోతుంది," అంది.

లిఖితది ఆదిభట్లలో ఉద్యోగం. చంటిపిల్ల ఉందని ఇంటి నుంచే చెయ్యనిచ్చారు. రోజూ లైను కలవకపోయేసరికి, సోమవారం మీటింగులో కనబడకపోతే ఆఫీసుకన్నా రావాలి, ఉద్యోగమన్నా మానుకోవాలి అని చెప్పేశారు. పాలు తాగే పిల్లను వదిలి కంపెనీ బస్సెక్కేదెట్లా?

"అత్తమ్మా, నువ్వే పిలువు."

"నేను బొట్టు వెట్టొద్దు బిడ్డా. నీ కొలువుకే మంచిగుండది."

"కొలువే పోతాంది. ఇంక మంచిగుండేదేంది? డబ్బాకు వెట్టొద్దని ఎవలన్నరు?"

"ఒకలు అనాల్నా? నాకెర్క లేదా?"

సోమవారం లిఖిత పిల్లను ఒళ్ళో వేసుకుని కంప్యూటర్ ఆన్ చేసింది. సున్నా తిరుగుతోంది. పిల్ల ఏడుపందుకుంది. కాసేపటికి లిఖిత కూడా కళ్ళు తుడుచుకుంది. వంటింట్లోంచి అది చూసిన స్వరాజ్యం పొయ్యి ఆర్పి, చేతులు కొంగుకు తుడుచుకుని భరిణ తీసుకుంది.

మెట్లెక్కి డబ్బాకు బొట్టు పెట్టింది. కుంకుమ కొంచెం నేల మీద రాలింది.

"నా మొకం జూసి రాకు. ఆ పోరి మొకం జూసి రా," అంది.

వెనక్కి చూడకుండా మెట్లు దిగింది. వెనకాల చీరలు కదులుతున్న చప్పుడు. ఎన్నాళ్ళ దాహమో, చెంబు ఖాళీ అయింది. గీతలన్నీ నిండాయి. లిఖిత గొంతు సవరించుకుని తెర మీది వాళ్ళకు నమస్తే చెప్పింది.

సాయంత్రం వెంకాయమ్మ కిందికి వచ్చింది.

"మా అమ్మాయి శ్రీసుధ పెళ్ళి పిలుపులకి మీరు నాతో రావాలండి. బొట్టు మీరే పెట్టాలి."

"నేనా? అందరు నవ్వుతరు వదినా."

"నవ్వనివ్వండి. నే పిలిస్తే సిగ్నల్ గుమ్మం దాకా వచ్చి పోయింది కదండీ. పెళ్ళికి కూడా జనం అలాగే గుమ్మం దాకా వచ్చి పోతే, వండిందంతా ఎవరు తింటారు?"

స్వరాజ్యం చాలా రోజులకు నవ్వింది.

మొదటి పిలుపుకు ఇద్దరూ వీధి చివర హన్మంత్ వాళ్ళింటికి వెళ్ళారు. అతని భార్య తలుపు తీసింది. స్వరాజ్యం నుదురు చూసింది, చేతిలో భరిణ చూసింది. తలుపు మీద చెయ్యి అలాగే ఉంచింది. స్వరాజ్యం వెనక్కి జరగబోయింది.

అంతలో ఆమె వెనక నుంచి ఎవరో లోపలికి పోయినట్టు గుమ్మం పరదా మెల్లగా ఊగింది.

హన్మంత్ భార్య పక్కకు తప్పుకుంది. "లోపటికి రా అక్కా," అని బొట్టు కోసం తల వంచింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి వాళ్ళకు మంచినీళ్ళు తెచ్చింది, మూడు గ్లాసులు.