గంటలో వస్తానన్న మేనమామ

నా భార్య సంపూర్ణమ్మ పుట్టింటి చీర లేకుండా కాటికి వెళ్లింది. దానికి కారణం ఆమె తమ్ముడు వెంకటకృష్ణారావు. ఇందులో రెండో మాట లేదు.

హైదరాబాద్ నుంచి విజయవాడకి విమానంలో గంటేగా అని ఆ రోజు తీరిగ్గా బయల్దేరాడు. ఆమె పెద్దమ్మ కొడుకు హనుమయ్యదీ హైదరాబాదే. కబురు అందగానే చీర తీసుకుని బస్సెక్కాడు. మధ్యాహ్నానికి మా ఊరు చల్లపల్లిలో దిగాడు. కప్పనిచ్చారా? సొంత తమ్ముడుండగా వరస తమ్ముడి చీర కప్పకూడదన్నారు పెద్దలు. పొద్దు వాలేదాకా చూసి లేపాం. అతను వచ్చేసరికి చితి ఆరిపోతోంది.

మొన్న మాఘంలో మా అమ్మాయి భానుశ్రీ పెళ్లి. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి తేవాల్సింది మేనమామ. ముందురోజే రమ్మన్నాను.

"విమానం గంటే బావా. పొద్దున్నే ఎక్కితే టిఫిన్లకి మీ దగ్గరుంటా. అంతసేపు బస్సులో ఎవడు ఊగుతాడు?" అన్నాడు ఫోన్లో.

"మీ ఇంటి నుంచి శంషాబాద్ ఎంతసేపు?"

"అదీ లెక్కేనా?"

"గన్నవరం నుంచి చల్లపల్లి?"

"కారు మాట్లాడుకుంటాలే. నువ్వు విమానం ఎప్పుడైనా ఎక్కావా, నాకు చెప్పడానికి?"

ఫోన్ పెట్టేసి హనుమయ్యకి చేశాను. గంప నువ్వే మొయ్యాలన్నాను.

"సొంత మావయ్య ఉండగా నేనా? ఊళ్లో మాటొస్తుంది బావగారూ."

"వస్తే నాకొస్తుంది. నువ్వు రా."

ముందురోజు సాయంత్రానికల్లా వచ్చి మా పందిట్లో అరటిచెట్లు కడుతున్నాడు.

పెళ్లిరోజు తెల్లారేసరికి పొలాల మీద ఎదుటి మనిషి కనపడనంత మంచు. బావమరిది ఫోన్ చేశాడు. గన్నవరంలో మంచట, విమానం ఇంకా శంషాబాద్‌లోనే ఉందట. ముహూర్తం దగ్గర పడ్డాక మళ్లీ చేశాడు. "దిగాను బావా, కారెక్కుతున్నా. ఆపండి!"

గన్నవరం నుంచి మా ఊరికి ఎంత తోలినా గంటన్నర.

"కాసేపు చూద్దామయ్యా. సొంత మేనమామ కదా," అన్నారు పెద్దలు. ఆనాటి పెద్దలే, ఆనాటి మాటే.

"ఒకసారి చూశాను. చాలు. హనుమయ్యా, ఎత్తు."

ఎత్తాడు. ఇంకో ఇద్దరు చెయ్యేశారు.

"చిన్నమావయ్యా, పడేస్తావేమో!" అంది భానుశ్రీ.

"నీ బరువు కాదే అమ్మా, నీ చీరదే బరువంతా!"

పందిరంతా గొల్లున నవ్వింది. మేళగాళ్లు చెవులు దిమ్మెక్కేలా వాయించారు. ముహూర్తం ఒక్క క్షణం తప్పలేదు. సంపూర్ణమ్మ పోయాక నేను తలెత్తి నడిచింది ఆ రోజే, ఆ గంప ముందు.

తాళి కట్టి, తలంబ్రాలు పోసి, రెండో బంతి వడ్డిస్తుండగా కారు ఆగింది. బావమరిది చక్రాల పెట్టె ఈడ్చుకుంటూ దిగాడు.

"గంపెవరు మోశారు బావా?"

"దాని మేనమామ."

పెళ్లికూతురి పక్కన హనుమయ్య కొత్తపంచెలో ఫొటోకి నిలబడి ఉన్నాడు. అటు చూసి ఇతని మొహం మాడిపోయింది.

"ఇంతమందిలో నా పరువు తీశావు. నేను రానన్నానా? గంట దూరంలో ఉన్నాను కదా!"

"మీ అక్క పోయిన రోజూ అక్కడే ఉన్నావు. పప్పు వేడిగా ఉంది, కూర్చో."

కూర్చోలేదు. వచ్చిన కారులోనే వెళ్లాడు. ఆ తర్వాత రాజీకని ఇద్దరు ముగ్గురు వచ్చారు. మంచినీళ్లిచ్చి పంపాను. ఈ సంగతి చెప్పడం ఇదే మొదలు, ఇదే చివర. ఇంకెవరు అడిగినా నా నోట రాదు.