పోలిక ప్రశ్న

అబద్ధాలు పట్టే యంత్రం నడిపే ఆయన్ని ఆఫీసులో అందరూ యంత్రం మాస్టారు అనేవారు. కొత్తగా చేరినవాళ్లకి పాఠాలు చెప్పేది ఆయనే. ఆ పేరు వెనక కాస్త వెటకారం కూడా ఉందని ఆయనకి ఎప్పుడూ తట్టలేదు.

ఆయన పాఠాల్లో అసలు కిటుకు పోలిక ప్రశ్న. "ఇంజక్షన్ల పెట్టె మీరే తీశారా?" అని అడిగితే దొంగకీ గుండె అదురుతుంది, దొరకీ అదురుతుంది. అందుకని పక్కనే ఇంకో ప్రశ్న పెడతారు: "ఈ ఉద్యోగంలో చేరకముందు, మిమ్మల్ని నమ్మినవాళ్ల వస్తువు ఎప్పుడైనా అడక్కుండా తీసుకున్నారా?" తీసుకోనివాళ్లు లోకంలో ఉండరు. కానీ మాస్టారు కనుబొమలు ముడిచి అడిగేసరికి ప్రతివాళ్లూ నీళ్లు నమిలి "లేదు" అంటారు. పెట్టె ముట్టనివాళ్లకి ఈ చిన్న అబద్ధం దగ్గరే యంత్రం కాగితం మీద గీసే గీత ఎగురుతుంది. దొంగకి పెట్టె దగ్గర ఎగురుతుంది. రెండు గీతల్నీ పోల్చి చూసుకోవడమే.

ఒక ఆసుపత్రి మందుల గదిలో నొప్పి తగ్గించే ఇంజక్షన్ల పెట్టె మాయమైంది. తాళం చెవి అందేది ఇద్దరికే: కాంపౌండరుకి, ఇరవై రెండేళ్లుగా ఆ గది ఊడ్చే ఆయాకి. కాంపౌండరుకి సరిగ్గా అప్పుడే జ్వరం వచ్చింది. ముందు ఆయాని పంపించారు.

పరీక్షకి ముందు ప్రశ్నలన్నీ చదివి వినిపించడం పద్ధతి. పోలిక ప్రశ్న వినగానే ఆమె, "తీసుకున్నాను బాబూ," అంది. "పద్నాలుగేళ్లప్పుడు మా అక్క వెండి పట్టీలు చెప్పకుండా పెట్టుకెళ్లి ఒకటి పారేశాను. అక్కే పోగొట్టిందని నాన్న దాన్ని చావగొట్టాడు. నేను తలుపు వెనకే ఉన్నాను. నోరు మెదపలేదు. అక్క పోయింది కూడా, దానికి చెప్పనేలేదు."

పాఠం ప్రకారం ఆయన కటువుగా "అది తప్ప, ఇంకేమైనా?" అని అడిగి ఆ బెదురు నిలబెట్టాలి. కానీ పెద్దావిడ కళ్లొత్తుకుంటుంటే మనసు కరిగింది. మంచినీళ్లు అందించి, "పోనీలెండమ్మా, చిన్నతనం," అన్నాడు. బరువు దిగిపోయిన మనిషికి ఇక అక్కడ గీత ఎందుకు ఎగురుతుంది? చదునుగా సాగిపోయింది. పెట్టె దగ్గర మాత్రం, ఉద్యోగం ఊడుతుందన్న భయానికి అంతెత్తు లేచింది.

కాగితం చూడగానే మాస్టారికి సంగతి అర్థమైంది. "పరీక్ష చెల్లదు, ప్రశ్న నేనే చెడగొట్టాను" అని రాయాలి. రాస్తే శిష్యులు నవ్వుకుంటారు. అరగంట కలం పట్టుకుని కూర్చుని, చివరికి "అసలు ప్రశ్నకే ఎక్కువ స్పందన" అని రాసి సంతకం పెట్టాడు. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. సిగ్గుమాలిన పనంటే అదీ.

ఆయాని ఆ వారమే తీసేశారు. మూడు వారాలకి కాంపౌండరు రెండో పెట్టెతో గేటు దగ్గర దొరికాడు. ఆ కబురు విన్నాక మాస్టారికి అన్నం సయించలేదు. అద్దంలో తన ముఖం తనే చూసుకోలేకపోయాడు. మర్నాడు వెతుక్కుంటూ ఆమె ఇంటికి వెళ్లి, తల వంచుకునే జరిగిందంతా చెప్పాడు.

"అంటే అక్కడ అబద్ధం చెప్పుంటే గట్టెక్కేదాన్నా బాబూ?"

"అవునమ్మా."

"మీకు ఆ రోజే తెలుసా?"

"తెలుసు."

ఆమె చీపురుపుల్ల ఒకటి తీసి ముక్కలుగా విరిచింది. "నేనే తీసి మర్చిపోయానేమో అనుకున్నాను. అంత యంత్రం ఊరికే అంటుందా అని. మావాడు బీరువా తాళాలు జేబులో వేసుకుని పనికి పోతున్నాడు. ఎందుకురా అని అడగలేకపోయాను."

ఆ మాటతో మాస్టారికి భూమి చీలిపోతే బాగుండుననిపించింది. "మీ అబ్బాయికి నేనే చెబుతానమ్మా, తప్పు నాదేనని," అన్నాడు. ఆ ఒక్క పనైనా చెయ్యకుండా గడప దాటకూడదనుకున్నాడు.

కొడుకు మెకానిక్కు. గ్రీజు చేతులతో వచ్చి, కుర్చీలో ఉన్న మనిషిని చూసి, "ఎవరమ్మా?" అన్నాడు.

మాస్టారు లేచాడు. నోరు తెరిచాడు. మళ్లీ మూసి, రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు.

ఆమె ఆయన ముఖం ఒకసారి చూసింది. "ఆఫీసు నుంచి వచ్చారురా. ఆ రోజు యంత్రం చెడిపోయిందట. పాపం, ఈయన తప్పేం లేదు," అంది. ఆమె గొంతు కొంచెం కూడా తొణకలేదు.

కొడుకు మాస్టారు వైపు తిరిగాడు. "నిజమేనా సార్?"

"నిజమే," అన్నాడు మాస్టారు.