ముప్పై రెండు జంటలు

నూట నలభై మూడో ట్రాక్ పేరు 'చివరిది'. నూట నలభై నాలుగోది 'అసలు చివరిది'. ఆ తర్వాతది 'దీన్నే వాడండి'. సర్దుబాటు మూడింటినీ విన్నాడు. మొదటి రెండూ ఒకటేనని తేల్చి, ఒకదాన్ని పక్కన దాచాడు. మిగిలినవాటికి 'వయొలిన్ 1', 'వయొలిన్ 2' అని పేర్లు పెట్టి ఆకుపచ్చ రంగు వేశాడు.

సర్దుబాటు అతని పేరు కాదు. ఆ రికార్డింగ్ స్టూడియోలో అందరూ అలా పిలిచి పిలిచి అసలు పేరు జీతాల కాగితంలో మాత్రమే మిగిలింది. వినేవాళ్లకు పాట అంటే ఒక్కటే. దాని వెనక రెండు వందల ట్రాక్‌లుంటాయి. ఎవరెవరో ఎక్కడెక్కడో రికార్డు చేసి పంపినవి, ఇల్లు మారేవాళ్ల సామాన్లలా కంప్యూటర్లోకి వచ్చి పడతాయి. డ్రమ్ముల మధ్య ఎవరిదో దగ్గు, గిటారు పేరుతో పియానో, ఏమీ లేని ట్రాక్‌లో ఉన్నట్టుండి కుర్చీ కిర్రుమనడం. వాటిని జాతులవారీగా విడదీసి, పేర్లు పెట్టి, రంగులు వేసి, వాటన్నిటినీ ఒక్క పాటగా కలిపే మిక్సింగ్ ఇంజనీరు ముందు తీర్చిన ఇల్లులా పెట్టడం అతని పని. టేపుల కాలం నుంచి ముప్పై ఒక్కేళ్లుగా అదే పని. పాట కవరు మీద అందరి పేర్లూ పడతాయి, సర్దినవాడి పేరు పడదు. శుభ్రంగా ఉన్న వంటింటిని ఎవరూ మెచ్చుకోరని భార్య ఎప్పుడో చెప్పింది కాబట్టి, ఆ సంగతి మీద అతనికి పెద్దగా పట్టింపు లేదు.

పొట్టి మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు రంగు పెన్సిళ్లు. తెర మీద వేసే ముందు ప్రతి పాటకూ కాగితం మీద గడులు గీసుకుంటాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకునే తీరు కూడా అతనిది అతనిదే. కుడి దిమ్మెను చేత్తో చెవికి అదిమి పట్టుకుని, ఎడమదాన్ని చెవి వెనక్కి నెట్టేస్తాడు. పాతకాలం వాళ్ల అలవాటని అందరూ అనుకుంటారు.

అలవాటు కాదు. రెండేళ్ల క్రితం ఒక జలుబుతో ఎడమ చెవి మూసుకుపోయి, మళ్లీ తెరుచుకోలేదు. నరం దెబ్బతిందని డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని మడిచి బీరువాలో పెట్టి, మర్నాడు మామూలుగా పనిలోకి వచ్చాడు. ఎవరికీ చెప్పలేదు. ఒంటిచెవి వాడికి పాటల దగ్గర ఏం పని అని ఎవరైనా అడుగుతారని అతని భయం. ఈ బల్ల తప్ప అతనికి ఇంకో పని రాదు, ఇంకో సరదా కూడా లేదు. చివరికి భార్యకూ చెప్పలేదు. కానీ ఆర్నెల్లు గడిచాక ఒక సంగతి గమనించాడు. భోజనానికి కూర్చున్నా, బస్సులో కూర్చున్నా ఆమె తన కుడివైపే ఉంటోంది. మంచం మీద కూడా వైపు మార్చుకుంది.

ఇవాళ్టి పాటలో పెద్ద కోరస్ ఉంది. ముప్పై రెండు జంటల ట్రాక్‌లు, ప్రతి జంటలోనూ ఒక మైకుది ఎడమ, ఇంకో మైకుది కుడి. ఏది ఏదో పేర్లలోనే రాసి ఉంది. ఆ పేర్ల ప్రకారమే ఎడమవి ఎడమకూ కుడివి కుడికీ వేసి, నీలం రంగు పూసి, పదకొండింటికి పక్కగదికి పంపించాడు.

పక్కగదిలో, అద్దానికి అవతల, మిక్సింగ్ చేసే అమ్మాయి ఉంటుంది. పదేళ్ల కిందట కేబులు చుట్టడం కూడా రాకుండా వచ్చింది. మొదటి పాఠం అతనే చెప్పాడు. "పేరును నమ్మకమ్మా. పేరు పెట్టినవాడు ఆకలి మీద ఉండొచ్చు, నిద్రమత్తులో ఉండొచ్చు. చెవిని నమ్ము." ఇప్పుడు ఆమె పెద్ద ఇంజనీరు. అయినా అతన్ని బాబాయ్ అనే పిలుస్తుంది.

పన్నెండున్నరకు పిలిచింది.

"బాబాయ్, ఓసారి ఇటు కూర్చుని వినండి."

రెండు స్పీకర్ల మధ్య కుర్చీలో కూర్చున్నాడు. కోరస్ మొదలైంది.

"ఆడవాళ్లు ఎటున్నారు?"

అతనికి అంతా ఒక్క పక్క నుంచే వస్తోంది. కళ్లు తెర మీద ఎడమ, కుడి శబ్దాలను చూపిస్తూ ఎగిరిపడుతున్న రెండు పట్టీల మీదికి వెళ్లాయి. రెండూ సమానంగా ఎగురుతున్నాయి. పాటతో పాటు వచ్చిన, పాడేవాళ్లు నిలబడిన వరస రాసిన కాగితం గుర్తొచ్చింది.

"ఎడమవైపు."

ఆమె పాట ఆపి అతని మొహంలోకి చూసింది. వినేటప్పుడు అతను కళ్లు మూసుకుంటాడని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని అతనికీ తెలుసు.

"రెండు పక్కలా ఉన్నారు బాబాయ్. ఫోన్ చేసి కనుక్కున్నాను. రికార్డింగ్ ఇద్దరు చేశారట. ఒకాయన వినేవాళ్ల ఎడమని ఎడమ అని రాశాడు. ఇంకొకాయన పాడేవాళ్ల ఎడమని రాశాడు. ఏవి ఎవరివో వాళ్లకే గుర్తులేదట. పర్లేదు, నేను చూసుకుంటాలెండి."

ముప్పై ఒక్కేళ్లలో ఆ మాట అతనితో ఎవరూ అనలేదు. తిట్టినా అంత గుచ్చుకునేది కాదు. సిగ్గేసింది. నాలుగింటికి సంగీత దర్శకుడు వినడానికి వస్తాడు, ఆమెకు ఇంకా బోలెడు పని ఉంది.

"వద్దమ్మా. నేను కలిపిన చిక్కు నేనే విప్పుతాను. మూడింటికల్లా ఇస్తా."

అన్నం డబ్బా తెరవకుండా బల్ల ముందు కూర్చున్నాడు. ప్రతి జంటలోనూ ఆడగొంతులు రెండు పక్కలా వినిపిస్తాయి. ఎటు ఎక్కువో పోల్చి చూసి, ఎక్కువున్నదాన్ని ఎడమకు వేయాలి. రెండు చెవులున్నవాడికి అది రెప్పపాటు పని. అతనికి మాత్రం ముందు కుడి దిమ్మెతో విని, హెడ్‌ఫోన్స్ తీసి, వెనక్కి తిప్పి తగిలించుకుని, ఎడమ దిమ్మెను అదే చెవికి అదిమి మళ్లీ వినాలి. తెర మీద బటన్లతో కూడా పక్కలు మార్చి వినొచ్చు. కానీ పొద్దున పేర్లను నమ్మి బోర్లాపడ్డవాడు మధ్యాహ్నం బటన్లను నమ్మదలచుకోలేదు.

బల్ల అద్దానికి ఎదురుగా ఉంది. తిప్పడం మొదలుపెడితే అవతలికి కనబడుతుంది. రెండేళ్లు దాచింది ఒక్క పూటలో బయటపడిపోతుంది. భయమేసింది. అయినా హెడ్‌ఫోన్స్ తీసి తిప్పాడు.

ఎడమ దిమ్మె చెవికి బిరుసుగా తగిలింది. ఆ హెడ్‌ఫోన్స్ కొని ఏడాదిన్నరయినా ఆ పక్కను వాడనే లేదని అప్పుడు తెలిసింది. మొదటి జంట సరిగ్గానే ఉంది. రెండోది తిరగబడింది. మూడోది తిరగబడింది. కాగితం మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటూ పోయాడు. పదమూడో జంట దగ్గర తలెత్తితే, అద్దానికి అవతల ఆమె పని ఆపి చూస్తోంది. అతను తల దించుకుని పద్నాలుగోది తిప్పాడు. ఇరవయ్యో జంటలో పాట మొదలవకముందే ఎవరో ఆవిడ కిసుక్కున నవ్వింది. అలవాటు చొప్పున ఆ నవ్వును కత్తిరించి, పారేయకుండా ఒక మూల దాచాడు.

మూడుకు పది నిమిషాలుండగా పని పూర్తయింది. పదిహేను జంటలు మారాయి.

నాలుగింటికి సంగీత దర్శకుడు వచ్చి, రెండుసార్లు విని, "కోరస్ బాగా పరుచుకుంది" అని ఆమెను మెచ్చుకుని వెళ్లిపోయాడు.

సర్దుబాటు తెర ఆర్పేశాడు. పెన్సిళ్లు జేబులో పెట్టుకుంటుంటే నల్లటి తెరలో నీడ కదిలింది. ఆమె తన ఎడమవైపు నిలబడి ఏదో చెబుతోంది. అతను తల తిప్పేలోపే ఆమె మాట ఆపి, కుర్చీ వెనక నుంచి చుట్టూ నడిచి కుడివైపుకు వచ్చింది.

"ఏమైనా తిన్నారా బాబాయ్?" అని మళ్లీ మొదట్నుంచి అడిగింది.

అతనికి ఇంట్లో మంచం గుర్తొచ్చింది.

"ఎన్నాళ్లయింది?" అంది ఆమె.

"రెండేళ్లు."

"చెప్పొచ్చుగా."

"చెబితే ఏం చేసేదానివి?"

అతను చివరి పెన్సిల్ జేబులో పెట్టుకున్నాడు.

"రేపట్నుంచి రానమ్మా."

"అదేంటి బాబాయ్? పక్కలు నేను చూసుకుంటాను, మిగతావి మీరు..."

"పేర్లు నమ్మి సర్దేవాళ్లు కావలసినంతమంది దొరుకుతారు. దానికి నేనెందుకు?"

కోపంగా అనలేదు. లెక్క తేలినవాడిలా అన్నాడు. డబ్బా సంచిలో పెట్టుకుని, హెడ్‌ఫోన్స్ మేకుకు తగిలించి లేచాడు.

"అవి మీవి కదా, తీసుకెళ్లరా?"

"ఇంట్లో ఏం వింటాను? మీ పిన్ని మాటలకి అవి అక్కర్లేదు. కుడివైపే కూర్చుంటుంది."

మర్నాడు కొత్త పాట వచ్చింది. నూట తొంభై ట్రాక్‌లు పేరూ రంగూ లేకుండా తెర మీద పడి ఉన్నాయి. కుర్చీలో ఎవరూ లేరు. మేకుకు హెడ్‌ఫోన్స్ వేలాడుతున్నాయి. కుడి దిమ్మె తోలు ఊడి, లోపలి స్పాంజి చెవి ఆకారంలో గుంటపడి ఉంది. ఎడమదాని అంచున, కొన్ననాటి పలచటి ప్లాస్టిక్ పొర ఇంకా అంటుకునే ఉంది.