ఐదువందల పన్నెండు ఎవరిది?

కంకిపాడులో షుగరు పరీక్షల శిబిరం ముగిసింది. రిపోర్టు కాగితాలన్నీ పంచేసి, కంప్యూటరు పని చూసే అక్షయ హాయిగా కుర్చీలో వెనక్కి వాలింది. రక్తం చూసే మిషను ఒక్కొక్కరి ఫలితాన్ని ఒక్కో ఫైలుగా దాస్తుంది. మనిషి పేరు ఫైలు పేరులోనే ఉంటుంది, లోపల ఉండేవి అంకెలే. అన్ని ఫైళ్లూ ఒక్కోటీ తెరిచి ప్రింటు కొట్టే ఓపిక ఎవరికుంది చెప్పండి? అందుకే ఇందాక కంప్యూటరు నల్లతెర మీద, ఫైళ్లన్నీ కలిపి చూపించే క్యాట్ అనే ఒక్క కమాండు కొట్టింది. పరీక్ష జరిగిన వరసలో అన్నీ గడగడా వచ్చేశాయి, పేర్లు తప్ప. టోకెన్ల వరస చూసి ఆ పేర్లు చేత్తో రాసేసింది. ఏం తెలివో, ఏం తొందరో!

అంతలో పద్మావతమ్మ గారు ఏడుస్తూ తిరిగొచ్చారు. "ఇదేంటమ్మాయ్, నా షుగరు ఐదువందల పన్నెండంట! పండగనాడైనా తీపి ముట్టనే నేను!"

డాక్టరు గారు మళ్లీ ఆవిడ వేలు పొడిచి చూశారు. నూటపదే వచ్చింది.

"మీ టోకెను ప్రకారమే కూర్చున్నారా అండీ?" టోకెన్ల జాబితా ముందుకు లాక్కుంటూ అడిగింది అక్షయ.

"లేదమ్మా. నా మోకాళ్లు చూసి ముందున్నాయన మీరు కానివ్వండన్నారు. వెనకాల కూడా అంతే, పెద్దవాళ్లకి చోటిస్తూనే ఉన్నారు. పద్ధతి కదూ మరి!"

టోకెన్లు ఒక వరస, మనుషులు కూర్చున్నది ఇంకో వరస! ఈ ఊళ్లో పుట్టి పెరిగిన పిల్లకి మనవాళ్ల మర్యాద సంగతి తట్టొద్దూ? ఆ ఐదువందల పన్నెండు మనిషి నాకేం లేదనుకుని ఎక్కడ ఏం తింటున్నాడో!

"తొందరగా చూడమ్మా, ప్రాణం మీదికొస్తుంది," అన్నారు డాక్టరు గారు.

ప్రతి ఫైలు పైనా దాని పేరు వేసే కమాండు ఉంది, టెయిల్ అని. కంగారులో మొదటిసారి తప్పు కొట్టింది. రెండోసారి ప్రింటరు కదిలింది. ఈసారి ప్రతి ఫలితం నెత్తినా పేరుంది. ఐదువందల పన్నెండు మీద భావనారాయణ అని ఉంది, బట్టల కొట్టాయన.

ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మి ఎత్తింది.

"రిపోర్టు బాగుందని సంబరంగా రెండు గ్లాసుల చెరుకురసం తాగొచ్చారమ్మా. తల తిరుగుతోందని పడుకున్నారు. పిలిస్తే ఊఁ అనడం తప్ప లేవట్లేదు."

శిబిరం వ్యాను ఆ ఇంటి ముందు ఆగీ ఆగకముందే అక్షయ దూకేసింది. "పిన్నిగారూ, తప్పు రాసింది నేనేనండీ..."

"తిట్టడం తర్వాత. ముందు కాళ్లవైపు పట్టుకో!"

డాక్టరు గారితో కలిపి ముగ్గురూ ఆయన్ని వ్యానెక్కించారు. విజయవాడ ఆసుపత్రిలో ఆయన్ని లోపలికి తీసుకెళ్లాక అక్షయని ఇంటికి పొమ్మన్నారు. వెళ్లింది గానీ, ముద్ద దిగలేదు, కన్ను మూతపడలేదు. నా చేతిరాత ఒక మనిషిని మింగేస్తుందా అని ఒకటే భయం.

తెల్లారాక రాజ్యలక్ష్మి నుంచి ఫోను వచ్చింది. ఎత్తడానికి చెయ్యి రాలేదు, అయినా ఎత్తింది.

"లేచి కూర్చున్నారు. ఇడ్లీ ఏదీ అంటున్నారు."

అక్షయ ఉన్నచోటే నేల మీద కూర్చుండిపోయింది.

"ఉన్నావా? ఇప్పుడు తిడతాను, విను."

ఆవిడ ఊపిరి సలపనీకుండా తిట్టింది. మధ్యలో ఏడుపొచ్చి ఆగింది. అక్షయ ఫోను చెవికి అదిమిపెట్టుకుని, వెక్కుతూ అంది.

"ఆపకండి పిన్నిగారూ, ఇంకా తిట్టండి."