పదమూడు వార్డుల దుప్పట్లు

ఆ ఆసుపత్రిలో ఐదువందల ఇరవై మంచాలున్నాయి. మంచం మీద ఒక దుప్పటి, ఉతుకులో ఒకటి, బీరువాలో ఒకటి ఉంటే చాలని పాత లెక్క. ఆ లెక్కకు మించే దుప్పట్లు ఉండేవి. అయినా పొద్దున తొమ్మిదయ్యేసరికి ఏదో ఒక వార్డులో రోగిని ఒట్టి పరుపు మీద పడుకోబెట్టాల్సి వచ్చేది. నిరుడు ఆరువందల కొత్త దుప్పట్లు తెప్పించారు. రెండు నెలలు తిరక్కుండానే అవీ ఆవిరైపోయాయి.

"ఇంటి దొంగలు," అని సూపరింటెండెంటు తేల్చేశాడు. గేటు దగ్గర అందరి సంచులూ వెతికించాడు. మూడు వారాలు వెతికితే దొరికింది ఒక విరిగిన గొడుగు. అది సూపరింటెండెంటుదే. చివరికి ఆసుపత్రి కమిటీలో ఒకాయన, మనుషులు కలిసి పనిచేసే చోట పడ్డ చిక్కుముళ్ళు విప్పేవాళ్ళు ఉంటారట, ఒకసారి పిలిచి చూద్దామన్నాడు. అలా వచ్చింది సోషియాలజీ మేడం.

తొమ్మిదేళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పిందామె. సమాజం మనిషిని ఎలా నడిపిస్తుందో చెప్పి చెప్పి, ఆ నడకను ఎక్కడైనా ఒక్క అడుగు మార్చి చూడాలనిపించి ఉద్యోగం మానేసింది. ఇదే మొదటి పని. ఐదు వారాల గడువు. టైలరింగ్ షాపు నడిపే అక్కతో కలిసి ఉంటుంది.

"ఇంత చదువూ చదివి దుప్పట్లు వెతికే పనా?" అంది అక్క, నోట్లో దారప్పోగు పెట్టుకునే.

"దుప్పట్లు కాదే, మనుషుల్ని."

"మనుషులేం తప్పిపోలేదుగా."

ఆ మాటకు నవ్వేసి, ఆమె మొదటిరోజే నేలమాళిగలోని లాండ్రీకి వెళ్ళింది.

అక్కడ ఆవిరికి ఎదుటి మనిషి ముఖం కూడా సరిగ్గా కనపడదు. నాలుగు పెద్ద యంత్రాలు గుడగుడమంటూ తిరుగుతుంటాయి. గదికి అడ్డంగా ఇస్త్రీ రోలరు. దాని అవతల నిలబడి లాండ్రీ మేస్త్రీ దుప్పట్లు మడత పెట్టిస్తున్నాడు. ఇరవై రెండేళ్ళుగా అక్కడే ఉన్నాడు. ఒక్కసారీ మెట్లెక్కి వార్డుల్లోకి వెళ్ళలేదు. వార్డుల నుంచి చీటీలు వస్తాయి, దుప్పట్లు తోపుడుబండి మీద వెళ్తాయి. అంతవరకే సంబంధం.

"కూర్చోండమ్మా," అని స్టూలు తుడిచి వేశాడు. "దొంగను పట్టుకోడానికి వచ్చారటగా. పేరు చెప్పేస్తాను రాసుకోండి, మీ పని తొందరగా అయిపోతుంది. నా పేరే అందరూ చెప్తారు."

చొక్కా జేబులోంచి మడిచిన కాగితం తీసి చూపించాడు. రాజీనామా. రాసి రెండు వారాలైందట, ఇవ్వడానికి కాళ్ళు రావడం లేదట.

ఆమె దొంగ ఊసే ఎత్తలేదు. నాలుగు రోజులు ఆ స్టూలు మీద కూర్చుని, ఏ చీటీ ఎప్పుడొచ్చిందో, ఎన్ని అడిగారో, ఎన్ని పంపారో చూసింది. ప్రతి చీటీ మీదా ఆయన పెన్సిలుతో అంకెను సగానికి సగం కోసేస్తున్నాడు.

"ఎనభై అడిగితే నలభై పంపుతున్నారేం?"

"నలభై మంచాలున్న వార్డుకి ఎనభై ఎందుకమ్మా? వాళ్ళు ఎప్పుడూ రెట్టింపు రాస్తారు. నాకు తెలీదా?"

తర్వాతి వారం ఆమె పైకి, మూడో వార్డులోకి మారింది. అక్కడి హెడ్ నర్సు కంటిచూపుతోనే వార్డును నడిపించే మనిషి. అందరూ పెద్దక్క అంటారు. మూడు రోజులు ఆవిడ మేడంని కుర్చీలాగే చూసింది. నాలుగో రోజు పదకొండు గంటలకు ఒక ముసలాయన పక్క తడిసిపోయింది. బీరువా తెరిస్తే ఖాళీ. చిన్న నర్సు బిక్కముఖం వేసుకుని నిలబడింది. పెద్దక్క అటూ ఇటూ చూసి, మేడం వైపు తిరిగింది.

"కాసేపు కిటికీలోంచి బయటికి చూడండి," అంది.

మేడం బుద్ధిగా తల తిప్పింది. కిటికీ అద్దంలో అంతా కనిపిస్తూనే ఉంది. పెద్దక్క బరువు తూచే యంత్రం వెనక ఉన్న చెక్కపెట్టె మూత ఎత్తి, తెల్లటి దుప్పటి ఒకటి బయటికి లాగింది. దాని కింద ఇంకా బొత్తి ఉంది.

ముసలాయన పొడి పక్క మీద సర్దుకున్నాక మేడం ఆవిడ పక్కకు వెళ్ళి, గొంతు తగ్గించి, "ఎన్ని ఉన్నాయి?" అంది.

"ఎవరికి చెప్తారు?"

"వార్డు పేరు గానీ మీ పేరు గానీ ఎవరికీ చెప్పను."

పెద్దక్క ఆమెను కాసేపు తూచినట్టు చూసింది. "తొంభై. ఏం చెయ్యమంటారు? అడిగినదాంట్లో సగమే పంపుతాడాయన. అర్ధరాత్రి పక్క తడిస్తే ఆయనొస్తాడా? అందుకే రెట్టింపు రాస్తాం, మిగిలితే దాచుకుంటాం. మిగతా వార్డుల వాళ్ళకి ఏ కష్టమూ లేదేమో మరి, మాకు మాత్రం ఇది తప్పదు."

ఆ సాయంత్రం ఆమె బస్సు ఎక్కడం మరిచిపోయి నడిచే వెళ్ళింది. మేస్త్రీ కోస్తాడని నర్సులు ఎక్కువ రాస్తున్నారు. నర్సులు ఎక్కువ రాస్తారని మేస్త్రీ కోస్తున్నాడు. కరువు వస్తుందన్న భయంతో అందరూ దాస్తుంటే, ఆ దాపరికమే కరువును తెస్తోంది. ఇందులో దొంగ ఎవరూ లేరు, తిలా పాపం తలా పిడికెడు. పుస్తకాల్లో ఎన్నిసార్లో చెప్పిన పాఠం ఇప్పుడు చెక్కపెట్టె మూత తీసి కళ్ళముందు నిలబడింది. ఇంటికి చేరి కుట్టుమిషను చుట్టూ తిరుగుతూ అక్కకు ఏకబిగిన చెప్పేసింది.

"నువ్వు కాస్త ఆగవే, జాకెట్టుకి మూడో చెయ్యి కుట్టేట్టున్నాను," అంది అక్క. కానీ మిషను ఆపి మొత్తం విన్నది.

మర్నాడు సూపరింటెండెంటు మాత్రం ఒక్క ముక్కే పట్టుకున్నాడు. "దాచారా? ఏ వార్డు?"

"అది చెప్పనండి."

"జీతం ఇచ్చేది ఆసుపత్రి. మీరు చెప్పాలి."

"ఒక్క పేరు చెప్తే ఒక్క పెట్టె దొరుకుతుంది. ఆ గంటలోనే మిగతావన్నీ ఇంకా లోతుకు పోతాయి. నాకొక్క మధ్యాహ్నం ఇవ్వండి. హెడ్ నర్సులందరూ, లాండ్రీ మేస్త్రీ గారూ ఒక గదిలో ఉండాలి. మీరు ఉండకూడదు."

ఆయన ముఖం కందగడ్డలా అయింది. అయినా కమిటీ వాళ్ళకు జవాబు చెప్పుకోవాలి కాబట్టి, వచ్చే శనివారం దాకా టైమిస్తున్నానన్నాడు.

గురువారం మధ్యాహ్నం పదమూడు మంది హెడ్ నర్సులు వచ్చి, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఒకరి చూపు ఒకరు తప్పించుకుంటూ కూర్చున్నారు. మేస్త్రీ తలుపు పక్కన గోడకు అతుక్కుపోయాడు. మేడం అందరికీ ఒకే రకం చీటీలు, ఒకే రకం పెన్సిళ్ళు పంచింది.

"పేరు రాయొద్దు, వార్డు రాయొద్దు. రెండంకెలు చాలు. మీ దగ్గర పక్కన పెట్టుకున్న దుప్పట్లు ఎన్ని? ఇతర వార్డుల్లో ఒక్కోదాంట్లో ఎన్ని ఉంటాయనుకుంటున్నారు?"

చాలాసేపు ఒక్క పెన్సిలూ కదల్లేదు. అప్పుడు పెద్దక్క తన చీటీ దగ్గరికి లాక్కుని టకటకా రాసేసి, మడిచి, తెచ్చి బల్ల మీద పడేసింది. ఆ వెనకే మిగతావన్నీ వచ్చాయి.

మేడం చీటీలు కలిపేసి, విప్పి, బోర్డు మీద రాసింది. మొదట రెండో అంకెలు. సున్నా, సున్నా, ఐదు, సున్నా, పది. అందరూ తామొక్కళ్ళే దాస్తున్నామనుకున్నారు. తర్వాత మొదటి అంకెలు. అరవై, తొంభై, ముప్పై ఐదు, నూట పన్నెండు. రాస్తున్నకొద్దీ వెనక గుసగుసలు పెరిగాయి. కూడి కింద గీత గీసింది. వెయ్యీ నలభై ఆరు.

ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, గదంతా నవ్వు అంటుకుంది. పిల్లల వార్డు హెడ్ నర్సు కొంగు నోట్లో కుక్కుకుని, "నూట పన్నెండు ఎవరివే తల్లీ," అని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఎలుక కోసం తవ్వితే ఏకంగా కొండే బయటపడింది.

నవ్వు తగ్గాక మేస్త్రీ గోడ వదిలి ముందుకొచ్చాడు. గొంతు సవరించుకున్నాడు.

"మీరు రాసిన చీటీలు నేను సగానికి కోసేవాణ్ణి," అన్నాడు.

"తెలుసు. అందుకే మేం రెట్టింపు రాసేవాళ్ళం," అంది పెద్దక్క.

"మరి నేనెందుకు కోసేవాణ్ణో..."

"మేం రెట్టింపు రాస్తామని."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇరవై రెండేళ్ళుగా చీటీల్లోనే మాట్లాడుకున్న మనుషులు.

అయితే పిల్లి మెడలో గంట ముందు ఎవరు కట్టాలి? నేను పెట్టె తెరిచి పక్క వార్డు తెరవకపోతే నా రోగుల గతేమిటని ప్రతి ఒక్కరికీ అనుమానమే. గంటసేపు వాదించుకున్నారు. మేడం నోరు మెదపలేదు. మందు తాను చెబితే అది తన మందు అవుతుంది, వాళ్ళది కాదు. చివరికి వాళ్ళే తేల్చుకున్నారు. శనివారం పొద్దున ఆరింటికి అందరూ ఒకేసారి తెరవాలి. ఆ రోజు నుంచి రోజూ ఏడు గంటలకు ప్రతి వార్డుకీ మంచానికొకటి, పైన పది దుప్పట్లు మేస్త్రీ పంపాలి. ఏ వేళైనా పిలవడానికి లాండ్రీలో ఫోను దగ్గర ఒక మనిషి ఉండాలి. చీటీలో నిజం రాయాలి, రాసింది కోయకూడదు.

శనివారం ఆరింటికి మేడం మెట్ల మధ్యలో నిలబడింది. నాలుగు అంతస్తుల్లోనూ ఒకేసారి తలుపులు తెరుచుకున్నాయి. అటకల మీంచి, మందుల అట్టపెట్టెల్లోంచి, పాడైపోయిన ఫ్రిజ్‌లోంచి దుప్పట్లు బయటికొచ్చాయి. ఒకచోట ఎక్స్‌రే గది చీకట్లోంచి ఇద్దరు నర్సులు బొత్తులు మోసుకుంటూ వచ్చారు. రోగులు మంచాల మీద లేచి కూర్చుని తమాషా చూశారు. తోపుడుబండ్లు చాలక చక్రాల కుర్చీల్లో దుప్పట్లను కూర్చోబెట్టి తోశారు. లాండ్రీలో అవి కప్పు దాకా పేరుకున్నాయి. మేస్త్రీ ఆ గుట్టను తాకి, "ఇవన్నీ మన ఇంట్లోనే ఉన్నాయి," అన్నాడు. పిల్లల వార్డు మాత్రం ఇరవై అట్టిపెట్టుకుంది.

"ఉంచుకోనివ్వండమ్మా. నమ్మకం కుదిరితే వాళ్ళే దింపుతారు," అన్నాడు మేస్త్రీ.

నాలుగో రోజే పరీక్ష వచ్చిపడింది. అటకల మీంచి దింపిన దుప్పట్లన్నీ మళ్ళీ ఉతికి ఇస్త్రీకి పెట్టి ఉండగా, తెల్లవారుతూనే ఇస్త్రీ రోలరు బెల్టు తెగింది. ఆరింటి లోపల మేస్త్రీ మెట్లెక్కడం మొదలుపెట్టాడు. మేడం వచ్చేసరికి రెండో అంతస్తులో రొప్పుతూ కనిపించాడు.

"ఈ పూట దుప్పట్లు పదకొండింటికి వస్తాయి," అని ప్రతి వార్డులోనూ తానే చెప్తున్నాడు. "ముప్పై మాత్రం సిద్ధంగా ఉన్నాయి. ఎవరికి తప్పనిసరో చెప్పండి."

వారం క్రితమైతే పదమూడు వార్డులూ మాకే అనేవి. పెద్దక్క బీరువా చూసుకుని, "మేం పదకొండు దాకా నెట్టుకొస్తాం, ఆపరేషన్ల వార్డుకి ఇవ్వండి," అంది. ఆపరేషన్ల వార్డు వాళ్ళు పదిహేను చాలన్నారు. మిగిలినవి ఎక్కడికా అని ఆయన తిరుగుతుంటే పిల్లల వార్డు హెడ్ నర్సు బయటికొచ్చి, తన ఇరవై ఆయన చేతుల్లో పెట్టేసింది. రెండు వార్డులు భయపడి ఎనిమిదేసి దాచిన మాట నిజమే. మధ్యాహ్నం కాకముందే వాళ్ళే ఫోను చేసి ఒప్పుకున్నారు. ఆ కబురు విని మేడం మెట్ల మీదే చతికిలబడి, తనలో తనే పెద్దగా నవ్వేసింది.

సూపరింటెండెంటు పొగడలేదు. "మరి దొంగ ఎవరూ లేరంటారా?" అని అదోలా అడిగి, లేరని విని, కాస్త నిరాశగానే ఆమె నివేదిక మీద సంతకం పెట్టాడు. మేడం మేస్త్రీని రాజీనామా సంగతి అడిగింది.

"చొక్కాతోపాటు ఉతికేశానమ్మా," అన్నాడాయన. "పొరపాటునే."

గడువు చివరిరోజు డ్యూటీ దిగిన హెడ్ నర్సులు లాండ్రీ చూస్తామని వచ్చారు. మేస్త్రీ కొత్తగా కట్టుకున్న ఇల్లు చుట్టాలకు చూపిస్తున్నంత హడావిడిగా యంత్రం యంత్రం దగ్గరా ఆపి చెప్పాడు. రోలరు మీంచి వేడివేడి దుప్పటి జారి వస్తుంటే పెద్దక్క ఒక కొస పట్టుకుంది. పిల్లల వార్డు నర్సు రెండో కొస పట్టుకుంది.

"అలా కాదు, బొటనవేళ్ళు లోపలికి," అన్నాడు మేస్త్రీ.

"ఇలాగా?"

"ఆఁ, ఇప్పుడు లాగండి."

మేడం నోట్‌బుక్కు స్టూలు మీద పెట్టేసి, చేతులు చాచి, తర్వాతి దుప్పటి అందుకుంది.